దుకాణం అమ్మాక వచ్చే మొదటి మిరుగు: వ్యాపారం అమ్మేవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఇరవై ఆరేండ్లు ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం నడిపాను. పిల్లలిద్దరూ వేరే పనుల్లో స్థిరపడ్డారు. నా మోకాళ్లు బస్తాల మధ్య తిరగనివ్వడం లేదు. ఒక ఏప్రిల్‌లో దుకాణం అమ్మేశాను. కాగితాల పని చాలావరకు అనుకున్నట్టే జరిగింది. జూన్ మొదటి వారంలో మిరుగు వచ్చింది. మృగశిర కార్తెను మా దిక్కు అట్లనే అంటాం. తొలకరి పడి, రైతులు పత్తి గింజల కోసం రోడ్డెక్కిన ఆ పొద్దున నేను నాలుగున్నరకే లేచి, స్నానం చేసి, చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. పోవడానికి చోటు లేదు. పైసల కోసం రెండేండ్లు తయారయ్యాను, ఆ పొద్దు కోసం ఒక్కరోజు కూడా తయారు కాలేదని అప్పుడు తెలిసింది.

అందుకే ఇది రెండింటి గురించీ రాస్తున్నాను. ఉదాహరణలు నా దుకాణానివే. కానీ మిర్యాలగూడలో రైస్ మిల్లు అమ్మేవాళ్లకైనా, జడ్చర్లలో హార్డ్‌వేర్ షాపు అమ్మేవాళ్లకైనా, వనపర్తిలో పల్లీ నూనె గానుగ అమ్మేవాళ్లకైనా వరుస దాదాపు ఇదే.

1. రెండేండ్ల ముందు నుంచే దుకాణాన్ని మీ నుంచి విడదీయండి

మన ఊళ్లలో దుకాణం, మనిషి ఒకటే అయిపోతారు. బోర్డు మీద ఏ పేరున్నా జనం మన పేరుతోనే పిలుస్తారు. కొనేవాడికి ఇదే భయం: ఈయన పోతే గిరాకీ కూడా పోతుందేమో అని. ధర తగ్గేది ఇక్కడే.

మొదట ఫోన్ నంబర్ సంగతి చూడండి. దుకాణం బోర్డు మీద ఉన్న నంబరే మీ ఆధార్‌కు, బ్యాంకుకు కూడా ఉంటే రేపు దాన్ని కొనేవాడికి ఇవ్వలేరు, ఉంచుకుంటే రోజుకు యాభై ఫోన్లు మీకే వస్తాయి. రెండేండ్ల ముందే దుకాణానికి వేరే నంబర్ తీసుకుని బిల్లుల మీద, బోర్డు మీద అదే వేయించండి. నేను ఈ పని చేయలేదు. అమ్మిన ఏడాది తర్వాత కూడా యూరియా వచ్చిందా అని నాకే ఫోన్లు వచ్చేవి.

తర్వాత చిన్న నిర్ణయాలు గుమస్తాకు వదలండి. ఏటా రెండుసార్లు వారం పాటు ఊరు విడిచి వెళ్లండి. మీరు లేని వారంలో గల్లా ఎంత వచ్చిందో, ఏ పని ఆగిందో రాసుకోండి. ఆగిన పనులే మీరు అమ్మకానికి ముందు ఎవరికైనా నేర్పాల్సిన పనులు.

ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి. బీపీ, షుగర్ ముందే ఉంటే వాటి చికిత్సకు కంపెనీలు మూడేండ్ల వరకు ఆగమనవచ్చు. దుకాణం అమ్మాక తీసుకుంటే ఆ మూడేండ్లు మీకు అవసరమైన ఏండ్లలోనే పడతాయి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తీసేశారు కాబట్టి ప్రీమియం భారం కొంత తగ్గింది.

2. ఏ నెలలో అమ్మాలి

నల్గొండ, పాలమూరు దిక్కు వ్యాపారం కార్తెల మీద నడుస్తుంది. పత్తి పైసలు దీపావళి నుంచి సంక్రాంతి దాకా వస్తాయి, యాసంగి వడ్ల పైసలు ఏప్రిల్, మే నెలల్లో. మా లాంటి దుకాణంలో ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి స్టాక్ పలుచబడుతుంది, పత్తి మీద ఇచ్చిన ఉద్దెర కూడా చాలావరకు తిరిగొస్తుంది. మే నెలలో మళ్లీ లక్షల మాల్ దిగుతుంది. అందుకని మార్చిలో మాట ఖాయం చేసుకుని, బయానా తీసుకుని, ఏప్రిల్ మొదట్లో అమ్మకం పూర్తి చేయడం మంచిదని నా అభిప్రాయం. మార్చి 31 దాటితే ఆ లాభం కొత్త ఆర్థిక సంవత్సరంలో పడుతుంది, పన్ను సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది. కొనేవాడికి కూడా మిరుగుకు ముందు కుదురుకోవడానికి రెండు నెలలుంటాయి.

ఒక జాగ్రత్త. ఎరువులు, పురుగుమందుల లైసెన్సు దుకాణంతో పాటు చేతులు మారదు. కొనేవాడు తన పేరు మీద తెచ్చుకోవాలి, దానికి తగిన వ్యవసాయ చదువు ఉండాలి. డీలర్ల కోసం హైదరాబాద్‌లోని మేనేజ్ అనే వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ నడిపే ఏడాది డిప్లొమా, మనం డేసీ అనేది, అందుకే వచ్చింది. ఆయనకు లైసెన్సు రాకముందే మీ లైసెన్సు మీద అమ్మకాలు చేయనిస్తే, నకిలీ విత్తనం కేసు ఏదైనా వస్తే అది మీ మీదికే వస్తుంది. మందుల షాపు, హోటల్, స్కూలు, ఏదైనా ఇంతే: ముందు కొనేవాడి లైసెన్సు, తర్వాతే తాళం.

3. ఖాతా పుస్తకం

ఈ దశ మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పల్లె వ్యాపారంలో ఆస్తి అంతా ఇక్కడే ఉంటుంది. మనసు నలిగేదీ ఇక్కడే.

ముందుగా బాకీలను మూడు జాబితాలు చేయండి. పంట రాగానే తెచ్చిచ్చేవాళ్లు. ఆలస్యమైనా ఇచ్చేవాళ్లు. ఇక రానివి. చట్టం లెక్కలో మామూలు బాకీకి గడువు మూడేండ్లు. ఆ లోపు బాకీదారు కాగితం మీద ఒప్పుకుని సంతకం పెడితే, లేదా కొంత కట్టి దానికి సంతకం చేస్తే, అక్కడి నుంచి మళ్లీ మూడేండ్లు. కాబట్టి అమ్మకానికి ముందు సంవత్సరం ఉగాదికి ప్రతి ఖాతాలో బాకీ తేల్చి సంతకం తీసుకోండి. దీనికి రైతు నొచ్చుకోడు. దుకాణం అమ్ముతున్నానని మీ నోటితో మీరే చెబితే, చాలామంది వాళ్లంతట వాళ్లే వచ్చి కట్టిపోతారు. వేరేవాళ్ల నోట వింటేనే దూరం జరుగుతారు.

బాకీలను కొనేవాడికి అమ్మాలా? వద్దనే చెప్తాను. ఆయన రూపాయికి అర్ధరూపాయి కూడా ఇవ్వడు. పైగా రేపు వసూలు కోసం ఆయన వాడే మాటలు మీ పేరు మీద పడతాయి. నేను ఒప్పందంలోనే ఒక మాట రాయించుకున్నాను: వచ్చే సంక్రాంతి దాకా దుకాణంలో ఒక మూలకు నా బల్ల ఉంటుంది, వారానికి రెండు రోజులు కూర్చుని పాత బాకీలు తీసుకుంటాను, కొత్త బేరంలో తలదూర్చను. సంక్రాంతి నాడు బల్ల తీసేశాను. ఆ గడువు ముందే రాసుకోవడం మంచిదైంది, లేకుంటే నేను లేచేవాణ్ని కాదు.

రాని బాకీలను అమ్మకానికి ముందే లెక్కల్లోంచి కొట్టేయండి. వ్యాపారం నడుస్తున్నప్పుడు కొట్టేస్తే ఆదాయంలో తగ్గింపు అడగవచ్చు, మూసేశాక అడగడం కష్టం. ఇంకో మాట. నా మూడో జాబితాలో నలుగురు రైతులు చనిపోయినవాళ్లు. ఆ ఇండ్లకు నేనే వెళ్లి, ఖాతా పేజీ వాళ్ల ముందే కొట్టేసి, ఇక ఏమీ లేదని చెప్పి వచ్చాను. ఇది చేయండి. మీరు కొట్టేసినా ఆ ఇంటి ఆడమనిషికి ఆ సంగతి తెలియదు. దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా తలవంచుకునే పోతుంది.

4. ఇంటి ఖర్చు అసలు లెక్క

నెలకు ఇంటికి ఎంత కావాలి అని అడిగితే మనం చెప్పే అంకె తప్పు. పెట్రోలు, ఫోన్ బిల్లు, చాయ్, బతుకమ్మకు చందా, గణపతికి చందా, చుట్టాల పెండ్లిళ్లలో చదివించే కట్నాలు, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు భోజనం, ఇవన్నీ గల్లాలోంచి పోతాయి, ఇంటి లెక్కలోకి రావు. దుకాణం పోయిన రోజు నుంచి అవన్నీ ఇంటి మీద పడతాయి. మూడు నెలలు గల్లాలోంచి తీసిన ప్రతి రూపాయీ ఒక నోటుబుక్కులో రాయండి. నేను ఇంటికి నెలకు ముప్పై ఐదు వేలు చాలనుకున్నాను, రాశాక యాభై రెండు వేలు తేలింది. ఈ అంకె తేలకుండా దుకాణానికి ధర చెప్పకండి.

5. ధర, పన్ను

మీ మడిగె, అంటే దుకాణం గది, సొంతమైతే ముందు అడగాల్సిన ప్రశ్న: వ్యాపారం మాత్రమే అమ్మి మడిగెను కిరాయికి ఉంచుకోవచ్చా? మండల కేంద్రాల్లో నాకు ఇదే నచ్చిన దారి. నెలనెలా కిరాయి వస్తుంది, ఆ ఆదాయంలో మూడో వంతుకు దగ్గరగా, అంటే 30 శాతం, పన్ను లెక్కలో తగ్గిస్తారు. కిరాయి ఒప్పందం రిజిస్టర్ చేయించండి.

వ్యాపారాన్ని రెండు రకాలుగా అమ్మవచ్చు. స్టాక్‌కు ఇంత, ర్యాకులు కాటాకు ఇంత, పేరుకు ఇంత అని విడివిడిగా కట్టి అమ్మితే స్టాక్ మీద లాభం మామూలు వ్యాపార ఆదాయం, దాని మీద జీఎస్టీ కూడా ఉంటుంది. మీరు పెంచిన పేరుకు, అంటే గుడ్‌విల్‌కు, కొన్న ధర సున్నా కాబట్టి వచ్చినదంతా లాభమే. రెండోది, ఆస్తులు అప్పులు అన్నీ కలిపి నడుస్తున్న వ్యాపారంగా ఒకే ధరకు ఇవ్వడం. దీన్ని స్లంప్ సేల్ అంటారు. వ్యాపారం మూడేండ్లు దాటి మీ చేతిలో ఉంటే ఆ లాభం దీర్ఘకాలికం, దాని మీద పన్ను 12.5 శాతం, పైన సెస్ అనే అదనపు పన్ను. నడుస్తున్న వ్యాపారాన్ని పూర్తిగా బదిలీ చేస్తే జీఎస్టీ మినహాయింపు ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్ రిపోర్టు తప్పనిసరి. ఏ దారి మీకు లాభమో స్టాక్ ఎంతుందో దాన్ని బట్టి మారుతుంది, కాబట్టి రెండు విధాలా లెక్క వేయించుకుని చూడండి.

మడిగె కూడా అమ్మితే, అది 2024 జూలై 23కు ముందు కొన్నదైతే 12.5 శాతం లేదా ధరల పెరుగుదల సర్దుబాటుతో 20 శాతం, ఏది తక్కువైతే అది. ఆరు నెలల్లో నిర్దేశిత బాండ్లలో 50 లక్షల దాకా పెడితే ఆ లాభం మీద పన్ను తప్పుతుంది, కానీ ఐదేండ్లు ఆ పైసలు తీయలేరు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి పాత సెక్షన్ నంబర్లు పట్టుకుని తిరగకండి, మీ అకౌంటెంట్‌తో కొత్తవి చూపించుకోండి.

నగదు విషయంలో మొహమాటపడకండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా, అదీ తీసుకున్నవాడికే. భూమి, భవనం అయితే 20 వేలు నగదుగా తీసుకోవడం కూడా తప్పే. సగం తెలుపు సగం నలుపు అనేవాళ్లు మీ శ్రేయోభిలాషులు కారు.

పన్ను మార్చి దాకా ఆగదు. జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల్లో 15వ తేదీలు ముందస్తు పన్ను గడువులు. అమ్మకం తర్వాత వచ్చే గడువుల నుంచి కట్టాలి. పైసలు ఖాతాలో పడిన రోజే పన్ను వంతు వేరే డిపాజిట్‌లో వేసి, అది మనది కాదనుకోండి.

6. చేతులు మారే రోజు

మొత్తంలో మూడింట రెండొంతులు బ్యాంకు ద్వారా వచ్చేదాకా తాళం ఇవ్వకండి. మిగతాదానికి ప్రామిసరీ నోటు, తేదీ వేసిన చెక్కులు తీసుకోండి. నాకు రావాల్సిన చివరి ఆరు లక్షలు చెప్పిన తేదీకి ఏడు నెలల తర్వాత వచ్చాయి. నోటు ఉంది కాబట్టే వచ్చాయి.

కొనేవాడు ఇదే ఊళ్లో మళ్లీ ఇదే వ్యాపారం పెట్టనని రాసివ్వమంటాడు. మామూలుగా ఇలాంటి షరతు చెల్లదు గానీ, వ్యాపారం పేరు అమ్మినప్పుడు మాత్రం కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ దీన్ని ఒప్పుకుంటుంది, పరిధి న్యాయంగా ఉంటే. ఈ మండలం, మూడేండ్లు అని స్పష్టంగా రాయండి. మీ తమ్ముడి కొడుకు పెట్టుకుంటే ఏంటన్నది కూడా అప్పుడే మాట్లాడుకోండి.

తర్వాత మీ పేరు ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా తీసేయాలి. బ్యాంకులో సీసీ ఖాతా, అంటే వ్యాపారానికి తీసుకున్న క్యాష్ క్రెడిట్ అప్పు ఖాతా, మూసి, మీ హామీ రద్దయినట్టు ఉత్తరం తీసుకుని, తాకట్టు పెట్టిన ఇంటి కాగితాలు తెచ్చుకుని, నెల తర్వాత ఆస్తి మీద తాకట్లు చూపే ఈసీ తీసి చూడండి. కంపెనీలకు, డిస్ట్రిబ్యూటర్లకు హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కులు ఒక్కొక్కటీ వెనక్కి తీసుకోండి, డిపాజిట్ కూడా. ఎరువుల అమ్మకాలు నమోదు చేసే పీఓఎస్ మిషన్‌లో చూపే స్టాక్, గోడౌన్‌లో బస్తాలు సమానంగా ఉన్నప్పుడే లైసెన్సు వ్యవసాయ శాఖకు తిరిగివ్వండి. జీఎస్టీ రద్దుకు 30 రోజుల్లో దరఖాస్తు, ఆ తర్వాత మూడు నెలల్లో చివరి రిటర్న్. బదిలీ తేదీ దాకా ఉన్న జీఎస్టీ బాకీకి అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ బాధ్యులే. కరెంటు మీటరు, కాటా, మున్సిపల్ లైసెన్సు చిన్నవే గానీ మరవకండి.

7. పనిచేసినవాళ్లు

పది మంది కంటే తక్కువ ఉన్న దుకాణానికి గ్రాట్యుటీ చట్టం సాధారణంగా వర్తించదు. అయినా ఇవ్వండి. లెక్క ఇది: నెల జీతంలో 26 రోజులకు 15 రోజుల వంతు, ఎన్నేండ్లు పనిచేస్తే అన్నిసార్లు. 14 వేల జీతం, 18 ఏండ్లు అయితే సుమారు 1,45,000 రూపాయలు. హమాలీలకు జీతం ఉండదు కాబట్టి మీ తృప్తి మేరకు ఇవ్వండి. ఊరికి తెలిసేకంటే ముందు వాళ్లకు చెప్పండి, కొనేవాడితో వాళ్ల పని గురించి మీరే మాట్లాడండి.

8. పైసలు వచ్చాక ఒక మిరుగు నుంచి మరో మిరుగు దాకా

ఒక్కటే నియమం: ఆ ఏడాది పెద్ద నిర్ణయం ఏదీ వద్దు. వెంచర్లో ప్లాటు, ఫామ్ ల్యాండ్, అల్లుడి వ్యాపారంలో వాటా, నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు, ఏది మనసుకు వచ్చినా డైరీలో రాసి పెట్టండి. ఏడాదిన్నరలో డబుల్ ఇస్తాం, ప్లాటు మేమే మళ్లీ కొంటాం అనేవాళ్లు మీ దుకాణం అమ్మకం వార్త వినే వస్తారు.

అప్పటిదాకా పైసలు బ్యాంకుల్లో ఉంచండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకుకు, ఒక్కో మనిషికి 5 లక్షల వరకే. ఎక్కువ వడ్డీ ఆశకు ఆ బీమా కూడా లేని చిన్న సొసైటీల్లో వేయకండి. అరవై దాటితే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షల దాకా వేయవచ్చు. 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీ 8.2 శాతం చేశారు. ఆ రేటుకు 30 లక్షల మీద మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. మీరు చేరే రోజు రేటు చూసుకోండి, చేరాక ఐదేండ్లు అదే ఉంటుంది. స్వచ్ఛంద విరమణ తీసుకున్న ఉద్యోగులకు 55కే వీలుంది గానీ మనలాంటి వ్యాపారులకు 60 నిండాలి. నెలనెలా ఆదాయ పథకానికి వయసు పరిమితి లేదు, జంట ఖాతాలో 15 లక్షల దాకా.

చేబదులు అడిగేవాళ్లకు జవాబు ముందే తయారు చేసుకోండి. మేము ఇద్దరం కూర్చుని ఏడాదికి ఇంత అని ఒక మొత్తం పక్కన పెట్టాం. అది తిరిగి రాదనుకునే ఇస్తాం. అయిపోతే అయిపోయిందని చెప్తాం. వీలునామా కూడా ఈ ఏడాదిలోనే రాయండి. స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్టర్ చేయిస్తే ఇంకా గట్టి. బ్యాంకులో నామినీ పేరు ఉంటే చాలదా అంటారు. నామినీ పైసలు తీసుకునే మనిషి మాత్రమే, ఆస్తి ఎవరిదన్నది వీలునామా తేలుస్తుంది.

9. పొద్దున నాలుగున్నర

మొదటి నెల పెండ్లిళ్లు, తీర్థాలు, మొక్కులతో గడిచిపోతుంది. చెరువుగట్టుకు, మన్యంకొండకు వెళ్లి వస్తారు. కష్టమంతా రెండో నెల నుంచి. నిద్ర పాత టైముకే తెగుతుంది. ఫోన్ మునుపటంత మోగదు. రోడ్డు మీద వెళ్తుంటే ‘సేటూ’ అని పిలిచే గొంతులు తగ్గుతాయి. ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది. ఇది నాకు మూడు నెలలు నడిచింది. అది ఎక్కువ రోజులుండి, అన్నం సయించకపోతే, పడుకోవాలనే అనిపిస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో దాచకండి.

మీ ఇంటావిడతో అమ్మకానికి ముందే ఈ సంగతి మాట్లాడండి. ముప్పై ఏండ్లుగా పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ ఇల్లు ఆమెది. ఆమె పనికి, ఆమె దగ్గరికి వచ్చేపోయేవాళ్లకు ఒక వరుస ఉంది. మా ఆమె సూటిగానే చెప్పింది: “మీరు ఇంట్ల ఉండుడు నాకు సంతోషమే. కానీ వంటింట్ల లెక్కలు చూడకుండ్రి.” నేను పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా బయట ఉండే పని చూసుకున్నాను. మొదట పని ఏమీ లేదు, లైబ్రరీకి పోయి పేపర్లు చదివి వచ్చేవాణ్ని. అయినా అది ఇద్దరికీ మేలు చేసింది.

పాత దుకాణం ముందు కూర్చోకండి. కొత్తాయన రేటు పెంచుతాడు, ర్యాకులు మారుస్తాడు, మీరు నమ్మిన కంపెనీని వదిలేస్తాడు. చూస్తే ఊరుకోలేరు. రైతు ఆకు పట్టుకుని ఇంటికి వచ్చి ఏ మందు కొట్టాలని అడిగితే, తెలిసింది చెప్పండి. కానీ కొత్తాయన ఇచ్చిన మందు తప్పని ఆ రైతు ముందు అనకండి. నిజంగా తప్పయితే ఆయనకే ఫోన్ చేసి చెప్పండి. నేను రెండుసార్లు అలా చెప్పాను, ఆయన విన్నాడు.

గుడి కమిటీ, సంఘం, పార్టీ, పదవులు మొదటి ఆరు నెలల్లో అడుగుతారు. ఆగమనండి. ఖాళీగా ఉన్నామన్న బాధతో ఒప్పుకున్న పదవి మీద ఏడాదికే విసుగొస్తుంది.

10. కొత్త పని

మీ వ్యాపారంలో మీకు బాగా నచ్చిన ముక్క ఏదో వెతకండి. నాకు అమ్మడం కంటే రైతుతో పొలం ముచ్చట మాట్లాడటం ఇష్టమని దుకాణం పోయాకే తెలిసింది. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణలకు వెళ్లడం మొదలుపెట్టాను. సూర్యాపేట దిక్కువాళ్లకు గడ్డిపల్లి, నాగర్‌కర్నూల్ దిక్కువాళ్లకు పాలెం ఉన్నాయి. ఇప్పుడు వారానికి రెండు పొద్దులు మా ఊరి రైతులకు భూసార పరీక్ష కార్డులు చదివి చెప్తున్నాను. ఒక్క బస్తా తక్కువ వేసుకోమని చెప్పగలగడం నాకు కొత్త. మీ ముక్క వేరే కావచ్చు: మిల్లు నడిపినవాళ్లకు యంత్రాలు, బట్టల షాపువాళ్లకు రంగులు, స్కూలు నడిపినవాళ్లకు పిల్లలు.

రెండో మిరుగు వచ్చిన రోజు, వాయిదా వేసిన నిర్ణయాల డైరీ తీయండి. నా జాబితాలో పదకొండు ఉన్నాయి. ఆ రోజుకు తొమ్మిదింటి మీద మోజు తీరిపోయింది. మిగిలినవి ఇంటి మీద ఒక గది, బోరు ఉన్న రెండెకరాలు. గది కట్టించాం. భూమికి పహాణీ, ఈసీ తీసి పెట్టుకున్నాను, ఇద్దరం ఇంకా మాట్లాడుకుంటున్నాం.